గొంతు పోయిన వారం

భీమవరంలో గొంతు డాక్టరు
లైటు వేసి లోపలికి చూసి
"ఏం పనమ్మా నీది?" అన్నాడు.
రొయ్యల షెడ్డులో సూపర్‌వైజర్నండి అన్నాను.
అన్నాననుకున్నాను. బయటికొచ్చింది గాలే.
"వారం రోజులు మాట్లాడకు. గుసగుసలు కూడా వద్దు."
మా ఆయన మందుల చీటీ అందుకుంటూ
నవ్వు ఆపుకోవడం నేను చూశాను.

పదకొండేళ్లు అరిచాను.
కంప్రెసర్ మోత మీద, ఐసు మర మోత మీద,
నలభై మంది ఆడవాళ్ల తలల మీదుగా
"చెయ్యి! చెయ్యి ఆడాలి!" అని.
అరుపే పని అనుకున్నాను.
ఇంటికొచ్చాక కూడా ఆ మోత చెవుల్లోంచి దిగేది కాదు.
పులుసులో ఉప్పు చాల్లేదన్న మాట కూడా
షెడ్డు అవతలి బల్లకి వినపడేటట్టే చెప్పేదాన్ని.

సోమవారం పొద్దున్న
కాటా చీటీల వెనక రాయడం మొదలుపెట్టాను.
రాస్తుంటే తెలిసింది,
నా మాటల్లో సగం రాయడానికి పనికిరావని.
"ఏం మొద్దు మొహమే నీది" అని రాయబోయి ఆగాను.
ఈ చీటీ ఇంటికి వెళ్తుంది. దాని కూతురు చదువుతుంది.
"తల తుంచేటప్పుడు కండ పోతోంది, ఇక్కడ పట్టుకో" అని రాశాను.
చూస్తే, నేను చెప్పాల్సిందీ అంతే.

దీవెనమ్మకి చదువు రాదు.
గ్లవుజు తొడుక్కుని పక్కన నిలబడి
ఒక రొయ్య వలిచి చూపించాను.
తనొకటి వలిచింది. నేనొకటి.
ఇరవై రొయ్యల దాకా అలాగే గడిచింది.
అప్పుడు తనే అంది, ఐసుగడ్డల వైపు చూస్తూ,
"బొటనవేలు తిరగట్లేదండి, మూణ్ణెల్లైంది.
చెప్తే పన్లోంచి తీసేస్తారని... ఆయ్."

ఆ మూణ్ణెల్లూ ఆ బల్ల ముందే నిలబడి
రోజుకి ఎన్నిసార్లు అరిచానో
నా పుస్తకంలో లేదు.
కౌంటు ఉంది. తరుగు ఉంది. ఐసు బిల్లు ఉంది.

బుధవారం మేనేజరు రామభద్రంగారు
లారీ ఎందుకు ఆలస్యమైందని నన్నడిగారు.
నేను రాసేలోపు ఆయనే ఒక మాట,
దాని మీద ఇంకో మాట, చివరికి
"నిజానికి నేనే ఫోను చెయ్యడం మర్చిపోయానులెండి" అన్నారు.
నేను పెన్సిలు చెక్కుకుంటూ ఉండిపోయాను.

మౌనం గొప్పదని చెప్పట్లేదు.
గురువారం ఐసు మర దగ్గర నూకరత్నం
వెనక్కి వెనక్కి అడుగులేస్తోంది, వెనకే తెరిచిన కాలవ.
అరవలేక చేతిలో ట్రే బల్లకేసి బాదాను.
నలభై తలలూ తిరిగాయి, దాని తల తప్ప.
మోకాలు చెక్కుకుపోయింది, అంతే.
ఆ రాత్రి మాత్రం నాకు నిద్ర లేదు.
గొంతు ఉన్నది ఇలాంటి దానికి కదా,
దాన్ని దేనికి ఖర్చు పెట్టాను!

శుక్రవారం కరెంటు పోయింది.
చెరువుల్లో ఏరియేటర్ల చప్పుడు టక్కున ఆగి
జనరేటర్లు అందుకునే లోపు
ఉప్పుటేరు వైపు నుంచి కప్పలు వినపడ్డాయి.
ఆ సందులో మా ఆయన అన్నాడు,
"లీజు చెరువు వదిలేద్దామనుకుంటున్నా.
ఏడాదై చెప్దామని. వింటున్నావా?"
చీకట్లో ఏం రాస్తాం?
మోచేతి మీద రెండుసార్లు తట్టాను.
ఇంకా చాలా చెప్పాడు.
ఏడాది మాటలు, నెమ్మదిగా,
జనరేటర్ మోతలో కూడా ఒక్కటీ పోకుండా విన్నాను.

వారం తిరిగాక గొంతు వచ్చింది, బొంగురుగా.
దీవెనమ్మని గ్రేడింగు బల్లకి మార్చాను.
కాటా దగ్గర మళ్లీ అరిచాను కూడా, అబద్ధమెందుకు.
ఏప్రాన్ జేబులో పెన్సిలు ముక్క మాత్రం ఉంచుకున్నాను.
నోటిదాకా వచ్చిన మాట
చీటీ మీద ఎలా ఉంటుందోనని ఒక్కోసారి చూసుకుంటాను.
ఒక్కోసారి మర్చిపోతాను.

పెన్ను కాదు, పెన్సిలే.
ఐసు నీళ్లు తగిలితే పెన్ను రాత కారిపోతుంది,
పెన్సిలు గీత ఉంటుంది.
పదకొండేళ్లుగా ఈ తడిలోనే నిలబడి
అదీ ఆ వారమే తెలుసుకున్నాను.