ముందు వెనక్కి

జెరాల్డ్‌టన్‌లో గాలికి సెలవు లేదు.
చెట్లు కూడా ఇక్కడ నడుం వంచే పెరుగుతాయి.
ఆ గాలితో వచ్చిన ఉప్పు
నా రేడియో వెనక చేరి
ఎర్త్ వైరు స్క్రూకి పచ్చగా చిలుము పూసింది.

నాకది తెలీదు.
నెల్లాళ్ళుగా చెవినిండా చిటపట,
పోపులో ఆవాలు పేలినట్టు.
నేరం సూర్యుడి మచ్చల మీద నెట్టాను,
పక్కింటి సోలార్ పలకల మీద నెట్టాను.

డోరీన్ ట్రెలోర్‌కి ఎనభై ఒకటి.
పనిముట్ల సంచి తనే మోసుకొచ్చి
మోగుతున్న రేడియో వెనక్కి చెయ్యి పోనిచ్చి
ఒక్క వేలితో నొక్కింది.
చిటపట ఆగింది.
వేలు తీసింది. మళ్ళీ మొదలు.
"ఆకాశాన్ని తిట్టేముందు
స్క్రూలు చూసుకోవాలబ్బాయ్."

కప్‌కేకుల రేకు పరిచింది.
పై మూతవి ఈ గుంటలో, పక్కలవి ఆ గుంటలో.
పొట్టిది పొడుగుదాని చోట పడితే వదులవుతుంది, అంతే.
పొడుగుది పొట్టిదాని చోట పడితే
లోపల ఏ తీగనో పొడుస్తుంది.

తల అరిగిన మొండిదానికి
రబ్బరు బ్యాండు ముక్క అడ్డం పెట్టి
బరువంతా మణికట్టు మీద వేసి
బతిమాలినట్టు తిప్పింది. వచ్చింది.

చిలుము గీకి, తుడిచి,
బిగించేటప్పుడు
ముందు వెనక్కి తిప్పింది.
పొరపాటనుకున్నాను.
టిక్‌మంది.
గాడి గాడిలోకి దిగిన చప్పుడు.
అప్పుడు ముందుకి, రెండు వేళ్ళ బలంతో,
ఆగినచోట ఇంకో పావు చుట్టు.
"ఇంకొంచెం తిప్పాలని చెయ్యి దురద పెడుతుంది.
ఓసారి ఆ దురదకి స్తంభం మీద బోల్టు తెంపాను.
యాంటెన్నా కోళ్ళగూటి మీద పడింది.
వారం రోజులు ఒక్క గుడ్డు లేదు."

విప్పినవి పద్నాలుగు.
లెక్కపెడితే పదిహేను.
రేడియోని బోర్లించినప్పుడు రాలిందేమో,
ఇత్తడిది, ఏ కన్నానికీ సరిపోనిది.
నాకంటే ముందు ముగ్గురి చేతులు మారిన పెట్టె.
ఎవరు, ఏ ఊళ్ళో, ఏ రాత్రి జారవిడిచి
టార్చి లైటుతో నేలంతా వెతికారో.
డోరీన్ దాన్ని కిటికీ వెలుగులో చూసి
అడక్కుండానే జేబులో వేసుకుంది.

ఆ రాత్రి చెవిలో ఆవాలు లేవు.
ఆల్బనీ నుంచి ఒక ముసలి గొంతు
తన పెరటి వానకొలత చదువుతోంది,
నాలుగు మిల్లీమీటర్లు,
ఓవర్.

నా వంతు.
చెప్పడానికి వార్తేం లేదు.
ఇక్కడ గాలి, అన్నాను.
వినిపించింది, అన్నాడు.