ఎర్రబస్సు

మా వైపు ఒక మాట ఉంది.
లోకం తెలియని మనిషి కనబడితే
"ఎర్రబస్సెక్కి వచ్చింది పాపం" అంటారు.
ఆ బస్సులోనే ఇరవై రెండేళ్లు
మాచర్ల నుంచి పిడుగురాళ్లకి, మళ్లీ మాచర్లకి
టికెట్లు కొట్టి నిరుడే దిగిపోయినదాన్ని.
లండన్‌లో రోడ్డు మీదికొచ్చి చూద్దును కదా
అన్నీ ఎర్రబస్సులే.
నవ్వొచ్చింది. ఎవరికి చెప్పను?

చెల్లెలు నాంచారమ్మ అద్దకం చీరలు పట్టుకుని
ఎగ్జిబిషన్‌కి వస్తుంటే తోడొచ్చాను.
స్టాలులో నాకేం పని, బేరాలన్నీ ఇంగ్లీషులో.
నాలుగోనాడు చెప్పేశా: "నే బస్సెక్కొస్తా."
"ఎక్కడికక్కా?"
అది ఎక్కడికి పోతే అక్కడికి.

పెక్‌హామ్‌లో పన్నెండో నంబరు.
చెయ్యెత్తితేనే ఆపుతాడన్న సంగతి
రెండు బస్సులు పోయాక తెలిసింది.
(మేమైతే చెయ్యెత్తినా
ఒక్కోసారి ఆపేవాళ్లం కాదు.)
ఎక్కగానే పసుపు గుండ్రానికి కార్డు ఆనించాలి,
కీచుమంటే చెల్లినట్టు.
ఆ గంటలో ఎన్ని బస్సులు మారినా
ఇంకో పైసా అడగరట.

కండక్టరు లేడు.
విజిల్ లేదు. "ముందుకు జరగండమ్మా" లేదు.
టికెట్టు వెనక
నాలుగు రూపాయలు బాకీ అని రాసివ్వడం లేదు.
ఎవరూ ఎవరికీ బాకీ లేని బస్సు.
నా వేళ్ల సందుల్లో మడిచిన నోట్లు లేవని
వేళ్లకింకా తెలియదు,
వంకరగానే ఉన్నాయి.

తలుపు దగ్గర సీటు చూసుకున్నా.
లెక్కపెట్టనని ఒట్టేసుకుని లెక్కపెట్టా.
కాంబర్‌వెల్‌లో ఏడుగురు ఎక్కారు, ఇద్దరు దిగారు.
చక్రాల సంచీ ముసలామె, జంట పిల్లల తోపుడుబండి,
సున్నం మరకల బూట్లతో ఒక మేస్త్రీ.
మేడ మీదికి పోయినవాళ్లు వేరే ఖాతా.

అప్పుడు గోడలోంచి ఒక ఆడగొంతు:
ఈ బస్సు గమ్యం మారినది.
ఆ నాలుగు ముక్కలు నాకూ అర్థమయ్యాయి.
ఎంత నిమ్మళంగా చెప్పిందో,
సోది చెప్పేది కూడా కాస్త గుటక మింగి చెబుతుంది.

ఏనుగూ కోటా అని పేరున్న చోట ఆగిపోయింది.
ఏనుగూ కనబడలేదు, కోటా కనబడలేదు.
రెంటచింతలలో మాత్రం
చింతచెట్లు రెండే ఉన్నాయా ఏం.

అందరూ దిగారు, గొడవ లేదు.
మా రూట్లో గురజాల దాటకుండా దింపేస్తే
మాట డిపో మేనేజరు దాకా,
అక్కణ్ణుంచి ఆయన్ని కన్నవాళ్ల దాకా పోయేది.
ఇక్కడ గొడుగులు విప్పుకుని
వానలోకి నడిచిపోయారు.
రెంటచింతల ఎండలో నేను తిన్న తిట్లన్నీ
వరసగా గుర్తొచ్చాయి.
ఇంత దూరంలో అవి తిట్లలా లేవు.

దిగినవాళ్లు ముప్పై మూడు, నన్ను కలిపే.
ఉండాల్సింది ముప్పై నాలుగు.
మళ్లీ లెక్కేశా. నా లెక్క తప్పదు,
చెకింగులో ఏనాడూ తప్పలేదు.
డ్రైవరుకి అరచెయ్యి చూపించి, ఆగమని,
కుచ్చిళ్లు పట్టుకుని మేడెక్కా.
చిట్టచివరి సీట్లో
వయొలిన్ పెట్టెని కావలించుకుని
నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు
బడిపిల్లవాడు.
"దిగు నాయనా, బస్సు ఇక్కడి దాకే."
భాష తెలియకపోయినా లేచాడు.
నిద్ర లేపే గొంతు ఎక్కడైనా ఒకటే కాబోలు.

కిందికొచ్చాక, చెయ్యి ఊరుకోదుగా,
బస్సు రేకు మీద రెండు దెబ్బలు వేశా.
రైట్, రైట్.
బస్సు కదిలింది.
దానికే కదిలించాడో
వాడి లెక్కలు వాడికున్నాయో, తెలియదు.

పిల్లవాడు ఫోను చూశాడు, బోర్డు చూశాడు,
తర్వాత నన్ను చూశాడు.
నేను గడియారం చూశా.
గంటలో ఇంకా
పంతొమ్మిది నిమిషాలు ఉంది.