తిరగేసిన నది

క్లర్కెన్‌వెల్‌లో మూడో అంతస్తు.
కిటికీకి పల్చటి కాగితం తెర,
దీపం ముందు నీళ్లు నింపిన గాజుబుడ్డి.
బల్ల మీద పడే వెలుగు అరచేయంత.
యూరప్ మొత్తం అందులోనే చెక్కాను.

తిరిగినవాడు క్రేక్.
గొడుగు, రంగులపెట్టె, మడతకుర్చీ,
ప్రతి ఉత్తరంలోనూ జలుబు.
అతని బొమ్మలు తపాలాలో వచ్చేవి,
వాటితో అప్పుడప్పుడు వైన్ మరకలూ.
మబ్బో మరకో తెలియక ఒకసారి
దాన్నీ చెక్కేశాను.
ఎవరూ పట్టుకోలేదు.

అచ్చులో సరిగ్గా పడాలంటే
ఉక్కుపలక మీద అంతా తిరగేసి గీయాలి.
బొమ్మకెదురుగా అద్దం పెట్టి
అద్దాన్ని చూసి చెక్కేవాణ్ణి.
అందుకని ముప్పై ఏళ్లు నాలోపల
కోటలన్నీ అవతలి గట్టునే ఉన్నాయి,
మోజెల్ నది వెనక్కే పారింది.

టింకాంబ్ గారు, ప్రచురణకర్త,
నమూనా అచ్చు అంచున పెన్సిల్‌తో రాశారు:
"తోళ్ల కార్ఖానా పొగగొట్టం తీసేయండి.
ఒక ఆడమనిషిని పెట్టండి. బుట్టతో."
ఉక్కులోంచి తీసేయడమంటే మాటలా!
గీకాలి, వెనకనుంచి సుత్తితో తట్టి
గుంటని పైకి తేవాలి, నున్నగా రుద్దాలి.
పొగగొట్టానికి రెండు రోజులు పట్టింది.
ఆడమనిషికి ఒక గంట.
మా అమ్మ నడుము ఆమెకిచ్చాను,
కాస్త ఎడమకి ఒరిగిన నడుము.
అచ్చులో కుడికి ఒరిగింది.

చూపు మసకబారి పని మానేశాక
దాచుకున్న డబ్బుతో ఆవిరి పడవెక్కాను.
బెర్న్‌కాస్టెల్ దగ్గర మలుపు తిరగ్గానే
అన్నీ తప్పు చేతివైపు!
చర్చి ఇటు, కూలిన కోట అటు.
కళ్లు తిరిగి కమ్మీ పట్టుకున్నాను.
పక్కన ఒకావిడ, లీడ్స్ నుంచి, మిస్ ఫాదర్‌గిల్,
మా పుస్తకమే తెరిచి
కొండకీ పేజీకీ చూపు తిప్పుతూ
"బుట్టావిడ ఇక్కడే ఉండాలే" అంది.
"ఇవాళ రాలేదేమో" అన్నాను.

అప్పుడు కొట్టింది వాసన.
సున్నం, పచ్చితోలు, మురిగిన నీళ్లు.
ముప్పై ఏళ్లలో క్రేక్ ఒక్క ఉత్తరంలోనూ
రాయని వాసన.
ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని
ఎక్కణ్ణుంచా అని ఆవిడ పుస్తకంలో వెతుకుతోంది.

నాకు తెలుసు.
దృశ్యానికి సరిగ్గా నడిమధ్య,
అద్దం కూడా తిప్పలేని చోట,
నేను నున్నగా రుద్దిన ఆకాశంలో
నల్లగా నిలబడి ఉంది పొగగొట్టం.

టోపీ తీశాను.
"ఎవరైనా తెలిసినవాళ్లా?"
అడిగింది మిస్ ఫాదర్‌గిల్.