రసీదు పుస్తకం

గెడ్డవలస సంతలో రసీదులు రాసేది నేనే.
రంగు, కొమ్ములు, పళ్ళు, ఖరీదు,
నాలుగే గళ్ళు.
తువ్వాలు కింద వేళ్ళు ఆడుకున్న బేరం
నా దగ్గరికొచ్చేసరికి అంకె.

ఇవాళ ఓ నల్లావు లేవలేదు.
లండ తవిటయ్య కొడుకు తోక మెలిపెట్టాడు.
ఆనక కళ్ళలో పచ్చిమిరపకాయ నలిపాడు.
లేచింది.
"సూసినావా బావూ, నెగిసిపోనాది!"
వైద్యం చూసినవాడిలా తలూపాను.

బండికి ఆరని చట్టం.
పదిహేడు ఎక్కించారు.
డాక్టరుగారి సంతకాలు
పశువులకన్నా ముందే వచ్చాయి
ఖాళీ కాగితాల మీద.

మూడింటికి హెడ్డు కానిస్టేబులు సవర సుగుణ
స్కూటీ మీద, ఒక్కతే.
వ్యాను తలుపు దింపించి వేలితో లెక్కపెట్టింది.
పదిహేడు దగ్గర ఆగి
మళ్ళీ మొదట్నుంచి.
ఫోను మోగింది.
మోగనిచ్చింది.

"రసీదులెవలు రాసినారు?"
సంతంతా నా వైపు తిరిగింది.
ఆమె పుస్తకం తిరగేసింది,
కారుతున్న నల్లావు మొహం చూసింది,
మళ్ళీ పుస్తకం.
"ఇందల కళ్ళకి గడి లేదేటి?"

రాత్రి నిద్రొచ్చి
కళ్ళు నులుముకోబోయి ఆగిపోయాను.
వేళ్ళకున్నది ఇంకే.
అయినా.