మొదటి వరస

విభూది బుధవారం పొద్దున
ఫాదరు నా నుదుట పెట్టిన బూడిద
మధ్యాహ్నానికే చెమటకి కారి కనుబొమల్లో ఇంకింది.
షిప్‌యార్డు మసిలో ముప్పై మూడేళ్లు బతికినోడికి
ఇంకో చిటికెడు బూడిద ఏ లెక్క!

ఆ సాయంత్రమే శౌరిని నాకప్పజెప్పారు.
పద్దెనిమిదేళ్ల గుంటడు, కంచరపాలెం మెట్ట మీద ఇల్లు,
ఐటీఐలో వెల్డింగు, పెదవి మీద ఇంకా నూగు.
పాస్కా పండగ వెళ్లాక వాడికి భద్రమైన అభ్యంగనం.
"అందాకా నువ్వే వీడి జ్ఞానతండ్రివి" అన్నారు ఫాదరు.
జ్ఞానాపురంలో పుట్టడం తప్ప
జ్ఞానంతో నాకు చుట్టరికం లేదు.
జపమాల నాలుగో గుత్తి దగ్గర కునికేవాణ్ణి,
నేనేం నేర్పను?

తెలిసింది ఒకటే. అదే చెప్పాను:
"ఒరే, మొదటి వరసే ముఖ్యం.
రెండు ప్లేట్ల సందులో అడుగున పడే అతుకు
ఎవడి కంటికీ ఆనదు.
పైన ఎన్ని వరసలు పోసి మెరుగు దిద్దినా
సముద్రం బరువు ఆపేది అదే.
తెల్లారగట్ల నాలుగున్నరకి లెగు.
ఎవరూ చూడని ఆ అరగంట
నీ మొదటి వరస."

లేపడానికి నేను మిస్డ్ కాల్ ఇవ్వాలి. అది ఒప్పందం.

ఏదైనా ఒకటి మానుకోమంటే వాడు బస్సు మానుకున్నాడు.
నడిచొచ్చి, మిగిలిన చిల్లరతో
కాన్వెంట్ జంక్షన్ వంతెన కింద ముసలాయనకి
టీ, బన్ను.
నేను బీడీ మానేశాను.
అంటే, మానేశానని వాడికి చెప్పాను.

శుక్రవారాలు రాస్ హిల్ ఎక్కేవాళ్లం.
సిలువ మార్గంలో ఒక్కో స్థలం దగ్గర
నా మోకాళ్లే ముందు ఆమెన్ అనేవి.
కింద రేవు, వంగిన క్రేన్లు,
గాలికి లేచే ఇనప ఖనిజం ఎర్రదుమ్ము.
తొమ్మిదో స్థలం కాడ వాడడిగాడు:
"మాస్టారూ, మూడుసార్లు పడ్డాడని లెక్కెట్టినోళ్లు
మూడుసార్లు లేచాడని ఎందుకు లెక్కెట్టనేదు?"
నాకు జవాబు దొరకలేదు.
రేవులో ఏదో ఓడ కూత వేసి నన్నాదుకుంది.

నాలుగో వారం.
మా లూర్దమ్మ పోయి ఏడాది నిండిన రోజు.
సమాధి దగ్గర కొవ్వొత్తి గాలికి నిలవలేదు.
అగ్గిపెట్టె ఎలాగూ చేతిలో ఉంది.
పూర్ణా మార్కెట్‌కి పోయి కట్ట కొన్నాను.
గోడ వెనక నిలబడి మూడు కాల్చాను,
ఒకదాని నిప్పుతో ఇంకొకటి.

మర్నాడు నాలుగున్నర దాటింది.
మెలకువగానే ఉన్నాను. ఫోను తియ్యలేదు.
దొంగ చెయ్యి పక్కవాణ్ణి ఎలా లేపుతుంది?
నాలుగూ నలభైకి
చీకట్లో అదే వెలిగింది,
ఒక్కసారి మోగి ఆగిపోయింది.
శౌరి.

శుక్రవారం మెట్ల మీద అంతా చెప్పేశాను.
ఆర్క్‌ని ఒట్టి కళ్లతో చూసిన రాత్రిలా
కళ్లల్లో ఇసుక.
వాడు నన్ను ఓదార్చలేదు, తిట్టలేదు.
జేబులోంచి ఐటీఐ సుద్దముక్క తీసి
నా ముందున్న రాతి మీద గుండ్రం చుట్టాడు.
"ఎక్స్‌రేలో గాలిబుడగ తేలితే
ఓడని పారేస్తారేటి మాస్టారూ?
అక్కడికే తవ్వి, మళ్లీ పోస్తారు.
మీరే కదా చెప్పారు."

నేను చెప్పినట్టు నాకు గుర్తు లేదు.
చెప్పే ఉంటాను.
ఆ మాట పైకి మెరిసే వరసల్లో ఉండి ఉంటుంది.

పండగ ఇంకా పదకొండు రోజులుంది.
మిగిలిన బీడీలు అలమరలో
లూర్దమ్మ కళ్లజోడు పక్కనే ఉన్నాయి.
పారేశానని మాత్రం అనను.
బయట చేపల బుట్టలతో మొదటి ఆటో వెళ్లింది.
నాలుగూ ఇరవై ఎనిమిది.
ఫోను చేతిలోకి తీసుకున్నాను.
ఇవాళ ఎవరు ఎవర్ని లేపుతారో చూడాలి.