గాడి లేని పెట్టె

డాబాగార్డెన్స్ సందులో
జిరాక్స్ కొట్టుకీ కళ్ళజోళ్ళ కొట్టుకీ మధ్య
ఎనిమిదడుగుల వెడల్పు నా వ్యాపారం.
బోర్డు మీద నూకరాజు గేమ్స్ అని రాయిస్తే
ఎండకి మొదట గేమ్స్ వెలిసిపోయింది,
నూకరాజు మిగిలాడు.

అమ్మకం కాదు నాది, నిజానికి మార్పిడి.
గోరంత బిళ్ళ, కొత్తది పద్దెనిమిది వందలు.
ఆడేసి తెస్తే పన్నెండొందలకి నేనే కొంటాను,
పదిహేనొందలకి ఇంకొకడికిస్తాను.
ఒకే బిళ్ళ గాజువాకలో ఒక వేసవీ
గోపాలపట్నంలో ఒక దసరా గడిపి
జాలారిపేటలో జ్వరం పడ్డ మైలపల్లి పోలిరాజు పక్కన
మూడు రాత్రులు పడుకుని
నా సొరుగులోకి తిరిగొచ్చింది
అంచున పంటిగాటుతో.
కొట్టద్దె, కరెంటు బిల్లు, మా ఇంటి బియ్యం
ఆ మూడొందల్లోంచే.

ఆ ఏడు కంపెనీవాళ్ళు బీచ్ రోడ్డు హోటల్‌కి పిలిచారు.
జీడిపప్పు పకోడీ, ఏసీ చలి,
పరదా సందులోంచి ఇంత సముద్రం.
హైదరాబాదు నుంచి దిగిన కుర్రాడు
అరచేతిలో నల్లటి పెట్టె పెట్టుకుని
"ఇందులో గాడి లేదు" అన్నాడు
నెలవంకని చూపించినంత సంబరంగా.
బిళ్ళలక్కర్లేదట. ఆట గాల్లోంచి దిగుతుందట.
మేం చప్పట్లు కొట్టాం.

వెనక వరసలోంచి అనకాపల్లి సూరిశెట్టి లేచాడు.
బెల్లం మండీలో పెరిగిన మనిషి,
లెక్క నాలిక మీదుంటుంది.
"బాబూ, కుండ నన్నమ్మమంటారు,
బెల్లం మీరే అమ్ముకుంటామంటారు.
కుండకి నాకెంత?"
"రెండు శాతం."
"అయితే నా అరుగు మీద దానికి చోటెందుకు?"
కుర్రాడు తర్వాతి స్లైడు నొక్కాడు.

సూరిశెట్టి ఒక్కటీ తీసుకోలేదు.
నేను పన్నెండు తీసుకున్నాను.
కొత్త వస్తువు కనిపిస్తే నా చెయ్యి ఆగదు,
మా ఆవిడ ఈ మాట వందసార్లు చెప్పింది.

మొదటిది నేవీ కుర్రాడు జెనా కొన్నాడు.
నలభై రోజులకి ఓడ దిగి తిన్నగా కొట్టుకే వచ్చాడు.
మూడోనాడు ఆట ఆగి
నెట్‌వర్క్‌కి కలపమందట.
"చుట్టూ నీళ్ళే సార్, దేనికి కలపను?"

అల్లిపురం నుంచి రెహానా వచ్చింది,
బిస్కెట్ల డబ్బాలో ఇరవై మూడు బిళ్ళలు.
పాతవన్నీ కొత్త పెట్టెలోకి ఎక్కించిస్తామని
కంపెనీ మాటిచ్చింది, నేను పిల్లకి మాటిచ్చాను.
రెండు నెలలకి ఒక కాగితం:
పథకం విరమించుకున్నాం, చింతిస్తున్నాం.
ఆ పిల్ల డబ్బా మూత గట్టిగా నొక్కి
నా వైపు చూసిన చూపు
ఇప్పటికీ బాకీ ఖాతాలోనే ఉంది.

అన్నిటికన్నా నాకు అర్థంకానిది ధర.
అట్టపెట్టె లేదు, బిళ్ళ లేదు,
లారీ కిరాయి లేదు, నేను లేను.
ధర మాత్రం అదే పద్దెనిమిది వందలు.
పైగా ఆడేశాక అమ్ముకోడానికి లేదు,
పక్కింటివాడికి అరువివ్వడానికీ లేదు.
నా వాటా ఎవరు తిన్నారో
అడగడానికి ఆ కుర్రాడి ఫోను మోగలేదు.

వాళ్ళు చెప్పింది అబద్ధమైతే నాకింత మంట ఉండేది కాదు.
నిజమే, ఆటలన్నీ గాల్లోకే పోయాయి,
ఆ పెట్టెతో మాత్రం పోలేదు.
రెండేళ్ళకి దాని అంగడి మూసేశారు.
మిగిలిన తొమ్మిదింటిలో ఒకటి
టెంపర్డ్ గ్లాసుల దొంతర మీద బరువుగా పనికొస్తోంది.
ఇప్పుడు నా వ్యాపారం ఆ గ్లాసులే.

మొన్న సాయంత్రం కేజీహెచ్ లాబ్ కోటు మడిచి సంచిలో పెట్టుకుని
రెహానా వచ్చింది. అదే డబ్బా.
"గాడి ఉన్నదేమైనా మిగిలిందా, బాబాయ్?"
అటక మీద ఒకటుంది. తుడిచి ఛార్జి పెట్టాను.
పంటిగాటు బిళ్ళ దూర్చింది.
తెర మీద పోలి, తొమ్మిదో మెట్టు దగ్గర
కత్తి ఎత్తి అలాగే నిలబడి ఉన్నాడు.
"ఇన్నేళ్ళూ ఇతన్ని చెరపలేదు. ఎవరు బాబాయ్?"
"జాలారిపేట కుర్రాడు. ఇప్పుడు బోటు మీదెళ్తున్నాడు."
ఆమె కింది గడిలో తన పేరుతో మొదలుపెట్టింది.

మిషనుకి డబ్బులు తీసుకోలేదు.
మెట్లు దిగుతుంటే మాత్రం
నోరు ఊరుకోలేదు:
"ఆడేశాక తెచ్చెయ్యమ్మా,
పన్నెండొందలిస్తాను."