అర తాళం ఆలస్యం

ఆమె నడుము కొలత నా దగ్గర రాసి ఉంది.
డెబ్బై మూడు, సైగాన్: ఇరవై రెండున్నర అంగుళాలు.
పక్కనే నాన్న చేతిరాతలో, "బాకీ."
పడవలో మా బంగారమంతా దొంగలు ఊడ్చుకుపోయారు.
కొలతల పుస్తకం ఎవడిక్కావాలి?

పోస్టర్ల మీద ఆమె బిక్ త్రామ్,
క్లబ్బు యజమాని పెట్టిన పేరు.
వాళ్ళమ్మ పెట్టింది నెత్.
దీవిలో, శరణార్థుల వరసలో,
గుమాస్తా అడిగితే రెండూ చెప్పింది.
ఒకటే రాసుకున్నాడు,
అదీ తప్పుగా.

శాన్ హొసేలో పగలు ఫ్యాక్టరీ, బోర్డులకు టంకం.
శనివారం రాత్రి ఎవరిదో పెళ్ళి విందు.
"చేతులు ఇంకాస్త పొడుగ్గా కుట్టు" అనేది,
కాలిన వేళ్ళు మైకు దగ్గర కనపడకుండా.
పీతల సూపు చల్లారేలోపు మూడు పాటలు,
అదీ ఒప్పందం.

అక్కడ ఆమె పాట నిషేధం.
ఇక్కడి టేపులు మాత్రం
మందు సీసాల మధ్య,
పౌడరు డబ్బాల అడుగున మునిగి
సముద్రం దాటేవి.
తను గడప తొక్కలేని ఇళ్ళలోకి
తన గొంతు దొంగచాటుగా దూరేది.
"నాకంటే దానికే తెగువ ఎక్కువ" అనేది.
నా నోట్లో గుండుసూదులు. నవ్వడానికి లేదు.

పోయిన నెల మా అమ్మాయి పుట్టినరోజు, కరోకే గది.
తెర మీద ఆమె పాత పాటే వచ్చింది,
వెనక ఎందుకో మంచుకొండలు, గొర్రెలు.
లేచి పాడింది.
డెబ్బై నాలుగేళ్ళ గొంతు,
అంచు పోగులు లేచిన పట్టు.
యంత్రం లెక్క కట్టింది: అరవై ఎనిమిది.
పిల్లలు నాలుక కరుచుకున్నారు.
ప్రతి చరణమూ అర తాళం ఆలస్యంగా అందుకుందట.

ఆమె చిన్నబుచ్చుకోలేదు.
"డ్రమ్ముల ఖియెత్ ఎప్పుడూ ఆలస్యమే.
వాడు అందుకునేదాకా ఆగడం అలవాటైపోయింది.
రేవుకీ వస్తానన్నాడు."
టీ చల్లారిపోయింది, తాగేసింది.
"పడవవాడు ఆగలేదు."

నిన్న కొత్త బట్టలకు వచ్చింది.
పుస్తకంలో పాత అంకె కింద ముప్పై ఒకటి రాశాను.
టేపు చుడుతుంటే ఊపిరి బిగబట్టింది,
ఇరవై రెండున్నర ఇంకా అక్కడే ఉన్నట్టు.
"వదిలెయ్ అక్కా" అన్నాను.

కాస్త ఆగి,
వదిలింది.